పెట్టెలో కదురు బాగుంది, ఏకులతోనే తంటా

నూలు వడకడం నేర్చుకుందామని నెట్‌లో వెతికితే ముందు కనబడేది బిగినర్ స్పిన్నింగ్ కిట్. ఒక అట్టపెట్టె, అందులో నున్నగా పాలిష్ పట్టిన చెక్క కదురు (తిప్పి నూలు వడికే పుల్ల), 50 గ్రాముల పత్తి ఏకులు (వడకడానికి దువ్వి చుట్టిన దూది చుట్టలు), బారెడు దారం, బొమ్మలు వేసిన కాగితం ఒకటి. రకరకాల పేర్లతో అమ్ముతున్నా లోపలి సరుకు దాదాపు ఒకటే. ఫొటోలో ముద్దొస్తుంది. కొన్నవాళ్ళలో చాలామంది మాత్రం వారం తిరక్కుండా దాన్ని అటక ఎక్కించేసి "మనకు చేతకాదులే" అనుకుంటారు. వాళ్ళ చేతిని అనాల్సిన పనిలేదు. ఆ పెట్టెలో ఉన్న రెండు వస్తువులకే పొత్తు కుదరదు. కదురేమో ఉన్ని వడకడానికి తయారైంది, పక్కన పెట్టింది పత్తి.

అందుకని ఈ సమీక్షలో కిట్ ఒక్కదాన్నే చూడకుండా, దాని పక్కన తకిలి అనే చిన్న ఇత్తడి బిళ్ళ కదురునూ పాత సీడీతో ఇంట్లో చేసుకునే కదురునూ పెట్టి చూద్దాం.

కిట్‌లోని కదురును విడిగా తీసి చూస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. పుల్ల పొడుగు 28 సెంటీమీటర్లు, పైభాగాన బిళ్ళ, బిళ్ళ అడ్డుకొలత ఆరున్నర సెంటీమీటర్లు, కొసన ఇత్తడి కొక్కెం. వంటింటి తక్కెడ మీద పెడితే 46 గ్రాములు. చెక్క పని శుభ్రంగా ఉంది, ఎక్కడా పెళుసు లేదు, బిళ్ళ పుల్లకు గట్టిగా బిగిసింది. ఇలాంటి కదురు ఏది కొన్నా ఒక పరీక్ష చేయండి. కొక్కేనికి దారం తగిలించి వేలాడదీసి గిర్రున తిప్పి, కింది కొసను చూడండి. కొస ఒకేచోట నిలబడి తిరిగితే మేలైన సరుకు. చిన్న సున్నా చుట్టినా ఫర్వాలేదు. రూపాయి బిళ్ళంత సున్నా చుడుతూ ఊగిపోతుంటే మాత్రం ఎక్కడో వంకర ఉంది. ఆ వంకర ఎక్కువసార్లు కొక్కెంలోనే ఉంటుంది, బిళ్ళ జోలికి పోకండి. దారం ఆనే చోటు పుల్లకు నడిమధ్యకు వచ్చేలా పట్టకారుతో వెంట్రుకవాసి వంచితే సర్దుకుంటుంది.

ఇక అసలు చిక్కు. వేలాడే కదురు తన బరువునంతా వడుకుతున్న పోగు మీదే వేస్తుంది. పూర్తిగా పురి (మెలిక) ఎక్కిన పోగుకు 46 గ్రాములు ఒక లెక్క కాదు. బెడదంతా పోగు ఇంకా పోగు కాని చోట, అంటే ఏకులోంచి దూది బయటికి జారుతూ పురి సగం సగంగా అందుకుంటున్న ఆ ఒకటి రెండు అంగుళాల్లో. అక్కడ పీచుల్ని కలిపి ఉంచేది వాటి మధ్య రాపిడి ఒక్కటే. మధ్యరకం ఉన్ని పీచు 7 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది, దాని ఒంటి మీద పొలుసులుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. మన దగ్గర ఇప్పుడు పండే హైబ్రిడ్ పత్తి పీచు 28 నుంచి 30 మిల్లీమీటర్లు. అంత పొట్టి పీచుకు 46 గ్రాములు కడితే పురి వచ్చి పట్టుకునేలోపే పీచులు జారిపోతాయి, కదురు కాలివేలి మీద పడుతుంది.

రెండో ఇబ్బంది పురి లెక్కలో ఉంది. పత్తి పోగుకు అంగుళానికి ఎన్ని పురులు కావాలో తేల్చడానికి నూలు మిల్లుల్లో వాడే ఒక లెక్క ఉంది. నూలు నంబరుకు (నూలు ఎంత సన్నమైతే నంబరు అంత పెద్దది) వర్గమూలం కట్టి, పడుగుకైతే, అంటే మగ్గం మీది నిలువు పోగుకైతే 4తో, పేకకైతే, అంటే అడ్డం పోగుకైతే మూడున్నరతో హెచ్చించాలి. 20 నంబరుకు వర్గమూలం 4.5 దరిదాపు, కాబట్టి అంగుళానికి 16 నుంచి 18 పురులు. రెండడుగుల పోగు లాగారంటే దానికి 400 చుట్లు పడాలి. స్వెట్టరు అల్లే ఉన్నికి అంగుళానికి నాలుగైదు చాలు, అదే రెండడుగులకు 100, 120 చుట్లతో సరి. ఆరున్నర సెంటీమీటర్ల బిళ్ళ ఉన్న కదురు చాలాసేపు తిరుగుతుంది కానీ నింపాదిగా తిరుగుతుంది. ఉన్నికి అదే సుఖం. పత్తి పోగుకు 400 చుట్లు పడేసరికి మధ్యలో మూడు నాలుగుసార్లు ఆగి, మళ్ళీ తిప్పి, అంతసేపూ ఆ బరువు వేలాడుతూనే ఉండాలి.

ఇన్ని మాటలెందుకు, తెగిన కొసను వెలుతురులో పెట్టి చూస్తే అదే చెబుతుంది. కొస కుంచెలా సన్నగా సాగి, పీచులు నిటారుగా విడిపోయి ఉంటే పురి చాలక జారింది. కొస పొట్టిగా, మెలికలు తిరిగి, ముడుచుకుపోయి ఉంటే పురి ఎక్కువై తెగింది. చెక్క కదురు మీద పత్తి వడికేవాళ్ళకు పదిలో తొమ్మిదిసార్లు కుంచెకొసే కనబడుతుంది. దానికి మందు ఏకును ఇంకా గట్టిగా పట్టుకోవడం అనుకుంటారు అందరూ. గట్టిగా పట్టుకుంటే పీచు అస్సలు జారక ముద్దగా ఊడొస్తుంది. మందు బరువు తగ్గించడం, లేకపోతే ఆ బరువును పోగు మీద పడకుండా చేయడం.

తకిలి చేసేది రెండోది. జంధ్యాలు వడికే ఇళ్ళకూ ఖద్దరు పట్టిన ఇళ్ళకూ ఇది పాత చుట్టమే. చేతిపనితో చదువు చెప్పాలన్న గాంధీజీ 1937 నాటి వార్ధా విద్యా పథకం తర్వాత బేసిక్ బడుల్లో పిల్లల చేతికి కూడా వచ్చింది. చూడ్డానికి ఏమీ ఉండదు. జానెడు కన్నా కాస్త తక్కువ పొడుగున్న ఉక్కు చువ్వ, కింది కొసకు ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తున ఇత్తడి బిళ్ళ, పైకొసన చిన్న కొక్కెం. బిళ్ళ అడ్డుకొలత రెండున్నర సెంటీమీటర్లు, బరువు 20 గ్రాముల దరిదాపు. కింది మొన కొబ్బరిచిప్పలోనో గిన్నెలోనో ఆనుకుని బొంగరంలా తిరుగుతుంది కాబట్టి బరువు చిప్ప మోస్తుంది, పోగుకు పురి మాత్రమే అందుతుంది. బిళ్ళ చిన్నది కనుక చటుక్కున వేగం అందుకుంటుంది, అంతే చటుక్కున ఆగుతుంది కూడా. పత్తికి కావలసింది ఆ వేగమే. ధర చూస్తే చెక్క కిట్‌లో సగం కూడా ఉండదు. ఖాదీ భండార్లలో అద్దాల బీరువాలో కనబడకపోయినా అడిగి చూడండి, ఒక్కోసారి లోపలి అరలోంచి తీసిస్తారు.

బజారు తకిలిలో నున్నదనం ఆశించకండి. చెక్క కదురుకున్న ముస్తాబు దీనికి లేదు, మూడు లోపాలు తరచూ ఉంటాయి. మొదటిది చువ్వ వంకర. అద్దం పలక మీద పెట్టి దొర్లిస్తే చువ్వకూ అద్దానికీ మధ్య సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. సందు ఎక్కువైన చోట బొటనవేలితో నొక్కి కొద్దికొద్దిగా సరిచేయాలి, సుత్తి పనికిరాదు. రెండోది కొక్కెం లోపల గరుకు. పోగును ముందుకీ వెనక్కీ లాగితే నూగు రేగుతోందంటే గరుకు ఉన్నట్టే. 400 నంబరు గరుకు కాగితాన్ని సన్నగా చీల్చి కొక్కెంలోంచి దారంలా పదిసార్లు లాగండి. మూడోది బిళ్ళ వదులు. బిళ్ళ జారిపోతుంటే చువ్వకు ఒక పొర నూలుపోగు చుట్టి దానిమీద బిళ్ళ ఎక్కిస్తే బిగుస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో చువ్వ తుప్పు పడుతుంది. నూనె రాయకండి, తెల్ల నూలుకు మరక అంటుతుంది. గరుకు కాగితంతో రుద్ది పొడిగుడ్డతో తుడిచి, వాడనప్పుడు కాగితంలో చుట్టి పెట్టడమే.

దాని వాడకం ఇలా ఉంటుంది. నేలమీద కూర్చుని కుడిమోకాలి పక్కన కొబ్బరిచిప్ప పెట్టుకోండి, కింద మడతపెట్టిన గుడ్డ ఉంటే చిప్ప కదలదు. స్టీలు గిన్నె అయితే గణగణ మోత. అరమీటరు నూలుదారం తీసుకుని బిళ్ళకు పైన చువ్వకు ముడివేసి, నాలుగు చుట్లు చుట్టి, పైకి తెచ్చి కొక్కేనికి తగిలించండి. ఈ మొదటి దారం నూలుదే కావాలి. మిషన్ మీద కుట్టే పాలియెస్టర్ దారం నున్నగా ఉంటుంది, దూది దాన్ని పట్టుకోదు. దారం కొసను పురి విప్పి కుచ్చులా చేసి, ఏకు మొదట్లో ఉన్న దూదిని కూడా వేళ్ళతో కాస్త విప్పి, రెండింటినీ మూడు సెంటీమీటర్ల మేర ఒకదానిమీద ఒకటి ఆనించండి. కుడిచేతి వేళ్ళతో చిటిక వేసినట్టు తకిలిని తిప్పండి, పైనుంచి చూస్తే గడియారం ముళ్ళు తిరిగే దిక్కున. పురి ఎక్కి అతుకు పడుతుంది.

ఇప్పుడు ఎడమచేయి. ఏకును బొటనవేలికీ మొదటి రెండు వేళ్ళకూ మధ్య సన్నజాజి పువ్వును పట్టుకున్నంత మెత్తగా పట్టుకుని చేతిని మెల్లగా వెనక్కీ పైకీ జరపాలి. పురి పోగు వెంట పాక్కుంటూ వచ్చి ఏకు నోటి దగ్గర ఉన్న పీచుల్ని అందుకుంటుంది, అవి మరికొన్నింటిని లాక్కొస్తాయి. ఏకు నోటి దగ్గర ఒక చిన్న త్రిభుజంలా దూది విచ్చుకుని కనబడుతుంది, చూపు ఎప్పుడూ దానిమీదే ఉండాలి. త్రిభుజం పొడుగ్గా సాగి పలచబడుతుంటే చేయి తొందరపడుతోంది, పోగు తెగబోతోంది. త్రిభుజం మాయమై పురి ఏకులోపలికి చొచ్చుకుపోతుంటే చేయి వెనకబడింది, ఇంకొక్క క్షణంలో ఏకు నోరు తాడులా బిగుసుకుంటుంది. అలా బిగిస్తే బలవంతంగా లాగొద్దు. తకిలి ఆపి, నోటి దగ్గర రెండు వేళ్ళతో వెనక్కి నాలుగు తిప్పులు తిప్పి పురి విప్పితే మళ్ళీ జారుతుంది.

పోగులో లావుసన్నాలు ఎలాగూ వస్తాయి. పురికి ఒక గుణం ఉంది, సన్నగా ఉన్నచోటికే ముందు పరిగెడుతుంది. సన్నటి చోటు గట్టిపడుతుంది, లావుచోటు పురి అందక మెత్తగా మిగులుతుంది. ఈ గుణాన్నే మనం వాడుకోవాలి. లావుచోటుకు రెండువైపులా మూడేసి అంగుళాల దూరంలో పట్టుకుని లాగితే, మెత్తగా ఉంది కనుక అదే సాగుతుంది, పక్కనున్న సన్నటి పోగు చెక్కుచెదరదు. అందుకే పోగు లాగేటప్పుడు పురి పూర్తిగా ఎక్కించకూడదు. ముందు సగం పురితో రెండడుగులు లాగాలి, లావుచోట్లు సరిచేయాలి, ఆ తర్వాత ఏకునోరు నొక్కి పట్టి తకిలిని మరో నాలుగైదుసార్లు గట్టిగా తిప్పి మిగతా పురి ఇవ్వాలి. పురి చాలిందా లేదా అన్నది పోగును కాస్త వదులు చేసి చూడండి. వదులైన వెంటనే తనంతట తాను మెలిక పడితే చాలింది. నీరసంగా వేలాడితే ఇంకా కావాలి. వదులు చేయకముందే గింజల్లాంటి ముడులు లేస్తుంటే మోతాదు మించింది.

చుట్టేటప్పుడు పోగును కొక్కెం నుంచి తప్పించి, చువ్వకు అడ్డంగా పట్టుకుని, తకిలిని అదే దిక్కున తిప్పుతూ బిళ్ళ పైన చుట్టాలి. కింద లావుగా, పైకి పోనుపోను సన్నంగా, జొన్నకంకి ఆకారంలో కండె రావాలి. కొక్కెం కింద నాలుగైదు సెంటీమీటర్ల చువ్వ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. కండె అంతకు మించి ఎక్కితే తకిలి తలబరువెక్కి తూలుతుంది. ఫ్యాను ఆపేయడం మరిచిపోవద్దు. సీలింగు ఫ్యాను గాలికి త్రిభుజం దగ్గరి పీచులు లేచి పోతాయి. మే నెలలో పొద్దెక్కాక దూది పెళపెళలాడుతూ రేగుతుంది, పొద్దున్నే కూర్చుంటే అదే ఏకు బుద్ధిగా జారుతుంది. ఏసీ గదిలో కూడా ఎండాకాలపు తంటానే.

ఇదంతా ఏకు బాగుంటేనే. కిట్ మీద అసలు కోపం అక్కడే. ఏకుల్ని ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా నొక్కి పంపుతున్నారు. పెట్టె తెరిచేసరికి అవి అప్పడాల్లా చదునుగా ఉంటాయి. నొక్కుకుపోయిన పీచులు విడివిడిగా జారవు, గుంపుగా కదులుతాయి. దాంతో పోగులో ఒకచోట ఉండ, పక్కనే వెంట్రుకంత సన్నం. అరగంట ఎండలో పెడితే కొంత ఉబ్బుతాయి, పూర్తిగా మాత్రం కోలుకోవు. మంచి ఏకు జానెడు లోపు పొడుగు, చిటికెనవేలంత లావు, ఒకటిన్నర రెండు గ్రాముల బరువు. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు సమానంగా రావాలి, లోపల గసగసాల్లాంటి తెల్ల నలకలు కనబడకూడదు. ఆ నలకలు విరిగి ముడిపడిన పీచులు. వాటిని ఏ చేతివాటమూ సాపు చేయలేదు. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగితే ఏకు నిదానంగా సాగాలి, పుటుక్కున రెండు ముక్కలైతే పక్కన పెట్టేయండి.

ఇంట్లో ఉన్న దూదితో సరిపెట్టుకుందామనే ఆలోచన అందరికీ వస్తుంది. మందులషాపు దూదిని రసాయనాలతో ఉడికించి తెల్లబరుస్తారు, పీచు మీది సహజమైన మైనం పోతుంది, పీచు కూడా పొట్టిది. లాగితే నలకలే. పూజాసామాన్ల కొట్టు వత్తుల దూది కూడా ఆ బాపతే. వత్తి ఒత్తడానికి విభూతి అద్దిన వేళ్ళు చాలు, బారెడు పోగుకు చాలవు. పాత పరుపుల దూది నలిగి విరిగిపోయి ఉంటుంది. బూరుగు దూదైతే అసలు వడకడానికి లొంగదు. పత్తి పీచుకు ఎండేటప్పుడు సహజంగానే మెలికలు పడతాయి, ఆ మెలికలే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బూరుగు పీచు లోపల బోలు, పైన నునుపు, మెలికే లేదు. దిండుకే అది.

పత్తి తీసే కాలంలో గింజపత్తి సంపాదించగలిగితే అంతకన్నా మంచి దారి లేదు. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు వైపు చుట్టాలుంటే అది పెద్ద పని కాదు. గింజపత్తి బరువులో మూడోవంతు దూది, మిగతాది గింజ. 150 గ్రాములు తెచ్చుకుంటే 50 గ్రాముల దూది. నున్నటి పీట మీద పత్తి పెట్టి, పెన్సిలంత ఇనుప కడ్డీని అరచేత్తో ముందుకు దొర్లిస్తే గింజ ముందుకు జారిపోయి దూది వెనక మిగులుతుంది. కుక్కలకు దువ్వే సన్నతీగల బ్రష్షులు రెండు కొనండి. ఒకదానిమీద పలచగా దూది పరిచి రెండోదానితో తేలికగా దువ్వండి. పళ్ళు పళ్ళలోకి దిగకుండా పైపైన దువ్వాలి, దిగితే పీచు విరిగి నలకలవుతుంది. దువ్విన పొరను ఎత్తి పీటమీద వేసి, పెన్సిలు కన్నా సన్నటి పుల్ల చుట్టూ అరచేత్తో వదులుగా చుట్టి, పుల్ల లాగేస్తే ఏకు. చేసిన ఏకుల్ని నొక్కకుండా డబ్బాలో వరసగా పేర్చుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్ననూలు వడికేవాళ్ళను చూస్తే ఈ విషయంలో ఇంకేం సందేహం మిగలదు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముక మీది సన్నటి పళ్ళు పీచుల్ని విరవకుండా వరస పెడతాయి, చెత్తను ఆపేస్తాయి. తయారైన ఏకును వేడికీ దుమ్ముకూ దూరంగా ఎండు అరటిదొప్పలో పెట్టి, అందులోంచే లాగుతారు. 100 నంబరు నూలు వాళ్ళ రాట్నం మీద వస్తోందంటే రాట్నానికి ఎంత పేరుందో ఆ దవడకూ అంతే ఉండాలి. కిట్ తయారుచేసేవాళ్ళు చెక్కకు పట్టిన పాలిష్ ఖర్చులో సగం ఏకుల మీద పెట్టినా కొన్నవాళ్ళు వడికేవారు.

ఎన్ని ఏకులు కొనాలి అంటే, లెక్క తేలికే. ఒక గ్రాముకు ఎన్ని మీటర్లు వచ్చిందో చూసి 1.69తో భాగిస్తే నంబరు వస్తుంది. కొత్తచేతికి 10 నంబరు వస్తే చాలా బాగా వచ్చినట్టు. అంటే గ్రాముకు 17 మీటర్లు, 50 గ్రాములకు 850 మీటర్లు. నేర్చుకోవడానికి అది బోలెడు. 200 గ్రాముల ప్యాకెట్టు చవకని కొనకండి, సగం వాడేసరికి మిగతా సగం అడుగున నలిగిపోతుంది.

సీడీ కదురు గురించి క్లుప్తంగా. సీడీ అడ్డుకొలత 12 సెంటీమీటర్లు, నడుమ కంత 15 మిల్లీమీటర్లు, బరువు 15, 16 గ్రాములు. కంతలో పట్టే రబ్బరు వాషరు, అందులో బిగుసుకునే పుల్ల, పైన ఒక కొక్కెపు మేకు ఉంటే కదురు తయారు. వాషరు దొరక్కపోతే పుల్లకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించవచ్చు. బరువు పుల్లకు దూరంగా, అంచు వైపుకు ఉండడంతో ఇది చాలాసేపు, చాలా నిదానంగా తిరుగుతుంది. ఉన్నికి బాగుంటుంది. పత్తికి వేగం చాలదు. పిల్లలకు పురి అంటే ఏమిటో చూపించడానికి మాత్రం దీన్ని మించింది లేదు, విరిగినా బాధ లేదు.

చెక్క కదురు మీదే నేర్చుకుంటామనేవాళ్ళు దానికి తగ్గ ఉన్ని కొనుక్కోవాలి. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న తెలుగువాళ్ళకు ఇది తేలిక, అక్కడి ఉన్ని దుకాణాల్లో కొరీడేల్ రకం గొర్రెల దువ్విన ఉన్ని అడిగితే ఇస్తారు. పొడుగు పీచు, మరీ నునుపు కాదు, మొదటిరోజే పోగు వస్తుంది. మెరినో గొర్రెల ఉన్ని మెత్తగా ఉందని దాంతో మొదలుపెడితే జారిపోయి విసిగిస్తుంది. మన దక్కనీ గొర్రెల ఉన్ని ముతక. గొంగళ్ళకు పుట్టిన ఉన్ని అది, లావుపోగుకు దివ్యంగా ఉంటుంది, మెడకు చుట్టుకునే మఫ్లరు మాత్రం ఆశించకండి. ఉన్నితో మొదలుపెట్టేటప్పుడు కదురును గాలిలో వదలకుండా, తిప్పి మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి, పోగులో చేరిన పురితో ఉన్నిని సాగదీయడం మంచి పద్ధతి. చేతులు రెండూ ఒకేసారి రెండు పనులు చేయాల్సిన అవసరం తప్పుతుంది.

కిట్‌లోని కాగితం మీద ఒక్క మాట. ఏకును ముందే చేత్తో చీల్చి పెన్సిలంత సన్నంగా సాగదీసుకోమంటుంది. అది ఉన్నికి చెప్పే మాట. పత్తి ఏకును అలా సాగదీస్తే చుట్ట విప్పుకుపోయి పీచుల వరస చెదురుతుంది. పత్తి ఏకును ఉన్నదున్నట్టు పట్టుకుని కొసనుంచే లాగాలి. ఆ ఒక్క వాక్యం మార్చినా కాగితానికి విలువ వచ్చేది.

వడికిన నూలును నాలుగు రోజులు కండెమీదే వదిలేస్తే పురి కొంత కుదురుకుంటుంది. తర్వాత లావుపాటి పుస్తకం చుట్టూ చుట్టి చిలప (వదులు నూలు చుట్ట) చేసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, చిటికెడు సబ్బుపొడి వేసిన నీళ్ళలో అరగంట ఉడికించండి. నీళ్ళు పసుప్పచ్చగా మారితే కంగారు పడకండి, అది పత్తి మైనం. ఉడికిన నూలు మెత్తబడి, రంగు పట్టుకుంటుంది, మెలికలు పడదు.

ఇంతకీ కిట్ కొనేసినవాళ్ళు ఏం చేయాలి? తకిలి ఒకటి తెచ్చుకోండి, చెక్క కదురును పేనడానికి, అంటే రెండు పోగుల్ని కలిపి ఒకే దారంగా మెలేయడానికి వాడుకోండి. తకిలి మీద వడికిన రెండు కండెల పోగుల్ని జతచేసి ఒకే ఉండగా చుట్టి, ఆ జంటపోగును చెక్క కదురుకు తగిలించి, ఈసారి ఎదురు దిక్కున తిప్పండి. పోగులు అప్పటికే పోగులు కనుక 46 గ్రాములు ఇప్పుడు అడ్డం కాదు, పైగా ఆ బరువే రెంటినీ సమానంగా బిగువుగా లాగి ఉంచుతుంది. నింపాదిగా, చాలాసేపు తిరిగే గుణం కూడా ఇక్కడ అక్కరకొస్తుంది. 10 నంబరు పోగులో అంగుళానికి 11, 12 పురులుంటే పేనేటప్పుడు 7, 8 చాలు. పేనిన దారాన్ని రెండు చేతుల మధ్య వదులుగా దించితే ఉయ్యాల తాడులా తిన్నగా వేలాడాలి. మెలిక పడితే అది ఏ దిక్కుకు పడిందో చూడండి. పేనిన దిక్కుకు ఎదురుగా తిరిగితే పేనడం ఎక్కువైంది, కొంచెం వెనక్కి తిప్పండి. పేనిన దిక్కుకే తిరిగితే ఇంకా చాలలేదు, కదురును మళ్ళీ ఎక్కించండి.